ఎనిమిది పళ్ళాల సంఖ్య

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఏదైనా ఉందంటే, లోపం ఆ విషయంలోనే ఉందనుకునేవాణ్ణి. పాతికేళ్ళ వయసు, మలేసియా కంప్యూటర్ల ఊరు సైబర్‌జయలో అద్దాల మేడలో ఉద్యోగం, మెడలో వేలాడే కార్డు, సొంతంగా ఒక చిన్న కారు. ఇవన్నీ కలిసి ఒక కుర్రాణ్ణి ఎంత పాడు చెయ్యగలవో అంతా చేశాయి. పైగా నా పని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. పొద్దస్తమానం పక్కవాడి తప్పులు పట్టుకుని జీతం తీసుకునేవాడికి తన తప్పు కనిపించే అవకాశం తక్కువ. (మా ఆవిడ ఈ వాక్యం చదివి, 'తక్కువ' కొట్టేసి 'లేదు' అని రాయమంది. మలేసియాలో పుట్టి పెరిగిన నాకు తెలుగు రాయడం నేర్పింది ఆవిడే కాబట్టి దిద్దే హక్కు ఉంది. కానీ రాస్తున్నది నేను.)

ఆ వయసులో నా స్నేహితులు మోటార్ సైకిళ్ళ మీదో, ఫుట్‌బాల్ జట్ల మీదో మనసు పారేసుకున్నారు. నేను ఒక సంఖ్య మీద పారేసుకున్నాను. ఆ సంఖ్య 73939133. మలయ్ బడిలో లెక్కలు నేర్చుకున్న నేను దాన్ని డెబ్భై మూడు మిలియన్లంటూ చదివేవాణ్ణి. ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు అని చదవాలని తర్వాత తెలిసింది. అది ప్రధాన సంఖ్య, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగించలేం. అలాంటివి లోకంలో బోలెడున్నాయి, అందులో గొప్పేమీ లేదు. దీని గొప్పతనం కోస్తే తెలుస్తుంది. కుడివైపు చివరి అంకె తీసేయండి, మిగిలిన 7393913 కూడా ప్రధాన సంఖ్యే. ఇంకో అంకె తీసేయండి, 739391 కూడా అంతే. 73939, 7393, 739, 73, ఆఖరికి 7 దాకా కోసుకుంటూ రండి, ప్రతిసారీ మిగిలింది ప్రధాన సంఖ్యే. ఇలా చివరి నుంచి కోసినా చెక్కు చెదరని సంఖ్యలు ఇంకా ఉన్నాయి గానీ వాటన్నిటిలోకీ ఇదే పెద్దది. దీని చివర ఇంకే అంకె తగిలించినా చాలు, ఏదో ఒకటి వచ్చి భాగించేస్తుంది. పని లేని ఒక మధ్యాహ్నం ఆఫీసు కంప్యూటర్‌తో వెతికించి ఈ సంగతి నేనే కనిపెట్టాను. నాకంటే చాలా ముందే బోలెడుమంది కనిపెట్టేశారని సాయంత్రానికి తెలిసి, ఆ పూట అన్నం సయించలేదు.

ఈ సంఖ్య గురించి ఆఫీసులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. అందరూ 'ఓహో' అని ఫోన్ చూసుకున్నారు. మా పక్క వరసలో కూర్చునే విజయవాడ అమ్మాయి మాత్రం వింది. ఒకరోజు మామక్ కొట్లో రొట్టె తింటూ (మామక్ కొట్టంటే మా దేశంలో తమిళ ముస్లిములు నడిపే హోటల్, అది లేకపోతే సగం మలేసియా పస్తుంటుంది) కాగితపు రుమాలు మీద ఆ ఎనిమిది అంకెలూ రాసి, కుడివైపు నుంచి ఒక్కో ముక్కా చింపుతూ వివరించాను. ఆఖరికి నా చేతిలో 7 ఉన్న ముక్క ఒకటి మిగిలింది. ఆవిడ దాన్ని తీసుకుని తన ఆఫీసు కార్డు వెనకాల దోపుకుని, టీ చల్లారిపోతోంది తాగమంది. నాకు ఆ క్షణంలో ఆవిడంటే చచ్చేంత ఇష్టం కలిగింది. ఆ తర్వాత సంగతులు ఆవిడ రాయనివ్వలేదు. ఇద్దరం పెళ్ళి చేసుకుందామనుకున్నాం, అంతవరకు చెప్పొచ్చట.

ఆవిడ నాన్నగారు సైబర్‌జయలోనే ఒక విశ్వవిద్యాలయంలో లెక్కల పాఠాలు చెప్పేవారు. విజయవాడ నుంచి వచ్చి కొన్నేళ్ళయింది. నేను ఆయన దగ్గర ఎప్పుడూ చదువుకోలేదు గానీ ఆయన్ని చూస్తే ఎవరికైనా మాస్టారు అనే పిలవాలనిపిస్తుంది. నా పుట్టుపూర్వోత్తరాల గురించి ఆయనకి ఏ అభ్యంతరమూ లేదు. మా తాత మా ఊరు సుంగై సుమున్‌లో రబ్బరు ఎస్టేటులో గుమాస్తాగా చేశాడని విని సంతోషించారు. మా ఇంట్లో 'ఏటి', 'వచ్చినాడు' అంటూ మాట్లాడుకునే శ్రీకాకుళం తెలుగు ఇక్కడ ఇన్ని తరాలు బతికి ఉండటం ఆయనకి ఆశ్చర్యంగా ఉండేది. ఆయన అభ్యంతరమల్లా నా మీదే. కూతురితో అన్నారట: "కుర్రాడు మంచివాడేనమ్మా. మొదలుపెట్టడం చాలా బాగా మొదలుపెడతాడు. చివరిదాకా నిలుస్తాడా అన్నదే నా అనుమానం." అందుకని మావాళ్ళని ఒక ఆదివారం రమ్మన్నారు. కాఫీ తాగుదాం, మాట్లాడుకుందాం, తాంబూలాలు పుచ్చుకోవాలో వద్దో ఆ తర్వాత చెప్తాను, అన్నారు. మా ఇంట్లో మాత్రం ఆ ఆదివారం నిశ్చితార్థమేనని అందరూ నమ్మారు. ఎందుకంటే ఆ కబురు మోసుకెళ్ళింది నేను, 'చెప్తాను' అన్న ముక్క నాకు అంత ముఖ్యంగా అనిపించలేదు.

మా సుంగై సుమున్ తెలుగువాళ్ళలో నిశ్చితార్థానికి మగపెళ్ళివారు పళ్ళాలు మోసుకెళ్ళడం ఆచారం. ఇరుగుపొరుగు తమిళుల్ని చూసి మేమూ వాటిని తట్టులు అనే అంటాం. ఒక్కో పళ్ళెంలో ఒక్కో వస్తువు సర్ది, జిగినీ కాగితం చుట్టి, వరసగా నడుస్తాం. వయసులో అందరికంటే పెద్దవాళ్ళు ముందు, అందరికంటే చిన్నవాళ్ళు వెనక. ముందు పళ్ళెంలో తాంబూలం ఉంటుంది. దాన్ని ఇంటి దగ్గర ఎత్తాక దారిలో ఎక్కడా కింద పెట్టకూడదు. పిల్ల తండ్రి తన చేతులతో అందుకోవాలి, అందుకున్నాడంటే సంబంధం ఒప్పుకున్నట్టే. ఇవి విన్న వెంటనే నాకు మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఎనిమిది అంకెలు, ఎనిమిది పళ్ళాలు. ఒక్కో పళ్ళెం మీదా బంగారు రంగు అట్టతో కత్తిరించిన పెద్ద అంకె. మాస్టారి గుమ్మంలోకి 73939133 నడిచి వెళ్తుంది. లెక్కల మాస్టారు ఇంకేం కాదనగలడు? తాంబూలానికి 7, పట్టుచీరకి 3, పళ్ళకి 9, పూలకి 3, లడ్డూలకి 9, జంతికలకి 1, కొబ్బరి బర్ఫీకి 3, చాక్లెట్లకి 3. శనివారమంతా కత్తెర పట్టుకుని కూర్చుని అట్టలు కోశాను. ముందుగానే ఆవిడతో ఈ సంగతి వాళ్ళ నాన్నగారి చెవిన కూడా వేయించాను. ఆశ్చర్యపరచడం నాకు ఇష్టమే గానీ, నా తెలివితేటలు కాస్త ముందుగా తెలిసి ఉంటే ఆశ్చర్యం ఇంకా బాగా పండుతుందని నా అభిప్రాయం.

ఆదివారం పొద్దున్నే మా పెద్దత్త వచ్చి పళ్ళాలు లెక్కపెట్టింది. మా నాన్నకి అక్క, తను పూనుకోకపోతే ఈ జిల్లాలో ఏ పెళ్ళీ జరగదని గట్టిగా నమ్మే మనిషి. ఎనిమిది అనగానే ఆవిడ మొహం మారిపోయింది. సరిసంఖ్య పళ్ళాలు ఎవరైనా పట్టుకెళ్తారా, అందులోనూ ఎనిమిదా, శనిదేవుణ్ణి వెంటబెట్టుకుని పిల్ల ఇంటికి వెళ్తావా అని కడిగేసింది. ఇంకోటి కలిపి తొమ్మిది చేసెయ్యమంది. నేను ససేమిరా ఒప్పుకోలేదు. దీని చివర ఏ అంకె పెట్టినా సంఖ్య విరిగిపోతుందత్తా, రెండో అయిదో ఏదో ఒకటి వచ్చి భాగిస్తుంది, వేరే అంకెలు పెడితే వేరేవి భాగిస్తాయి, అని అక్కడికక్కడే పాఠం మొదలుపెట్టాను. పెద్దత్త సాంతం విని, "అయితే ఒకటి తీసీ లా. తీస్తే ఏటి, అదీ విరిగిపోద్దా?" అంది. (లా అన్నది మలయ్ ముక్క. మా మాటల చివర ఉప్పులా పడుతుంది.) నేను ఒక్క క్షణం ఆలోచించి గట్టిగా నవ్వాను. తీస్తే విరగదు, ఈ సంఖ్య విశేషమే అది. చాక్లెట్ల పళ్ళెం ఇంట్లోనే ఉండిపోయింది. 7393913 బయల్దేరింది, దాని తెలివికీ నా తెలివికీ నేనే మురిసిపోయాను.

మూడు కార్లు. ముందు కారులో తాత, మామ్మ, నేను. మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, కూర్చుంటే నిద్రపోయే తాత తర్వాత అందరికీ పెద్ద కాబట్టి ముందు పళ్ళెం ఆవిడది. చిన్నప్పటి నుంచీ రబ్బరు చెట్ల మధ్యా కొబ్బరి చెట్ల మధ్యా ఎండలో తిరిగిన మనిషి, అప్పటికే చేతులు సన్నగా వణికేవి. తాంబూలం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. రెండో కారులో మిగతా పెద్దవాళ్ళు, మధ్య పళ్ళాలు. వెనక కారు మా చిన్న మావయ్యది. అమ్మకి తమ్ముడు, అప్పటికి పెళ్ళి కాలేదు కాబట్టి వరసలో అందరికంటే వెనక ఉన్నవాడు. ఆయన దగ్గర జంతికలు, బర్ఫీ. తీరం వెంబడి పాత రోడ్డు మీద దక్షిణంగా సాగి, బంటింగ్ చేరి, అక్కడి నుంచి సైబర్‌జయకి తిరగాలి. దారంతా తాత నిద్రపోయాడు, నేను మాట్లాడాను, మామ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మధ్యలో నా సంఖ్య గురించి ఆవిడకీ చెప్పబోయాను. నువ్వు రోడ్డు సూడరా నాయనా, అంది.

బంటింగ్‌లో టీ తాగడానికి ఆగినప్పుడు మొదటి దెబ్బ తగిలింది. వెనక కారు తలుపు తియ్యగానే ఆ వాసన వీధి వీధంతా కమ్ముకుంది. అది డ్యూరియన్ పళ్ళ కాలం. చిన్న మావయ్య దారిలో చవగ్గా దొరికాయని ఒక బుట్టెడు కొని, ఎవరికీ చెప్పకుండా వెనక సీటు కింద పెట్టుకున్నాడు. సరిగ్గా వాటి మీదే బర్ఫీ పళ్ళెం. డ్యూరియన్ అంటే మాకు ప్రాణం, కానీ కొత్తగా వచ్చిన ఆంధ్రావాళ్ళని ఆ వాసనతో పలకరించకూడదని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. బర్ఫీ ఒకటి తీసి పెద్దత్త నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలా బాగుందట, అదే ఆవిడ బాధ, అది బర్ఫీ కాదు డ్యూరియనే అంది. మావయ్య మాత్రం అసలు నేరమేమిటో అర్థం కానట్టు నిలబడ్డాడు. బర్ఫీ వరసలోంచి పోయింది. పోతే ఆరు మిగిలాయి. ఆరు సరిసంఖ్య. పెద్దత్త ఇంకేం ఆలోచించకుండా జంతికల పళ్ళెం మీది కాగితం చింపేసింది. టీ కొట్టు ముందు నిలబడి అందరం జంతికలు నమిలాం. మావాళ్ళు దిగాలుగా నమిలారు, నేను హుషారుగా నమిలాను. మిగిలింది 73939, అది కూడా ప్రధాన సంఖ్యే అని ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పాను. అప్పుడు కూడా మామ్మ కారు దిగలేదు. టీ గ్లాసు నేను నోటికి అందిస్తే రెండు గుక్కలు తాగింది. పళ్ళెం కాసేపు సీటు మీద పెట్టు మామ్మా అంటే తల అడ్డంగా ఊపింది.

రెండో దెబ్బ సైబర్‌జయలో, మాస్టారు వాళ్ళు ఉండే ఎత్తయిన మేడ దగ్గర తగిలింది. అక్కడ ఒకేలాంటి రెండు మేడలు పక్కపక్కనే ఉంటాయి. గేటు దగ్గర కాపలాదారు కార్లన్నిటినీ ఒకేసారి లోపలికి పంపలేదు. ముందు తాతా నేనూ, మూడు పళ్ళాలతో ఆడవాళ్ళూ లిఫ్ట్ ఎక్కాం. మామ్మ, ఆవిడ వెనక పట్టుచీరతో పెద్దత్త, పళ్ళతో అమ్మ. పూలతో నాన్న, లడ్డూలతో చిన్న మావయ్య తర్వాత రావాలి. మేం పై అంతస్తులో మాస్టారి గుమ్మం ముందు నిలబడి చూశాం, చూశాం. వాళ్ళు రాలేదు. ఎంతసేపటికో నాన్న ఫోన్ చేసి, చాలా నెమ్మదిగా, మేం భోజనం చేసేశాం రా, అన్నారు. జరిగిందేమిటంటే వాళ్ళు పక్క మేడ లిఫ్ట్ ఎక్కారు. అదే అంతస్తులో, అదే వైపున, ఎవరో తమిళుల ఇంట్లో గృహప్రవేశం. గుమ్మానికి మామిడాకులు, లోపల జనం. పూలతో లడ్డూలతో వచ్చిన ఇద్దరినీ చూసి ఆ ఇంటావిడ దణ్ణం పెట్టి పళ్ళాలు అందుకుని, చేతులు పట్టుకుని తీసుకెళ్ళి అరిటాకు ముందు కూర్చోబెట్టింది. సాంబారు వడ్డించే దాకా నాన్నకి అనుమానం రాలేదు. అనుమానం వచ్చాక కూడా, అంత ఆప్యాయంగా అందుకున్న పళ్ళాలు ఎలా తిరిగి అడుగుతామని ఇద్దరూ పాయసం కూడా తిని లేచారు. (ఆ కుటుంబంతో మాకు ఇప్పటికీ రాకపోకలున్నాయి. మా పెళ్ళి ఫోటోల్లో వాళ్ళే ఎక్కువ కనిపిస్తారు.)

కాబట్టి గుమ్మం ముందు మేము మూడు పళ్ళాలం. 7, 3, 9. మరొకడైతే కుంగిపోయేవాడు. నేను మనసులో చకచకా లెక్కేసి, 739 ప్రధాన సంఖ్యే, మూడు బేసి సంఖ్యే, అంతా సవ్యంగానే ఉంది అనుకుని గంట నొక్కాను.

మాస్టారు తలుపు తీశారు. ఆయన వెనక నాకు కాబోయే అత్తగారూ, ఇద్దరు ముగ్గురు స్నేహితుల కుటుంబాలూ, లోపలి తలుపు వార నుంచి మా ఆవిడా. ఆయన అందరికీ నమస్కారం పెట్టి, పళ్ళాల మీది అంకెలు చూశారు, తర్వాత మా వెనక ఖాళీగా ఉన్న వరండా చూశారు. లోపలికి పిలిచి కూర్చోమన్నారు. పెద్దత్త, అమ్మ పళ్ళాలు బల్ల మీద పెట్టారు. మామ్మ కుర్చీలో కూర్చుంది గానీ పళ్ళెం ఒళ్ళోనే ఉంచుకుంది. మాస్టారు నా ఎదురుగా కూర్చుని, తరగతి గదిలో అడిగినట్టు నిదానంగా అడిగారు.

"ఏడు కోట్లు వస్తోందని చెప్పింది మా అమ్మాయి. ఏడు వందల ముప్పై తొమ్మిదే చేరింది. మిగతాది ఏమైంది బాబూ?"

నేను ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు లేచి నిలబడ్డాను. శనిదేవుడు, డ్యూరియన్, జంతికలు, పక్క మేడ సాంబారు, ఏదీ దాచలేదు. ఒక్కో నష్టం దగ్గరా ఆగి, అప్పుడు మిగిలిన సంఖ్య ఏదో, అది ప్రధాన సంఖ్య ఎలా అయిందో వేలు పైకెత్తి మరీ చెప్పాను. గదిలో వాళ్ళంతా నవ్వారు, అత్తగారు కొంగు అడ్డం పెట్టుకున్నారు. వెనక నుంచి ఎన్ని పోయినా ఇది నిలబడుతుంది సార్, ఇలాంటి వాటిలో దీన్ని మించింది లేదు, అని ముగించి, చప్పట్లు కొడతారేమోనని ఒక్క క్షణం ఆగాను. మాస్టారు కొట్టలేదు.

"వెనక నుంచి కోస్తే నిలబడింది, బాగుంది," అన్నారు. "ముందు నుంచి కోసి చూశావా ఎప్పుడైనా?"

చూడలేదు. ఇన్నాళ్ళు ఆ సంఖ్యని తలగడ కింద పెట్టుకుని పడుకున్నంత పని చేశాను, ఇన్ని వందల మందికి చెప్పాను, ఒక్కసారి కూడా ఎడమవైపు నుంచి కోసి చూడాలనిపించలేదు. ఆ మాట నోటితో ఒప్పుకోవడం కంటే అక్కడికక్కడే లెక్క చేసెయ్యడం మేలనిపించింది. ముందున్న ఏడు తీసేశాను, తర్వాత మూడు, తొమ్మిది, ఇలా తీసుకుంటూ పోతే పెద్ద సంఖ్యలు నా బుర్రకి అందలేదు. చివరి మూడంకెల దగ్గర మాత్రం ఆగాను. నూట ముప్పై మూడు. రెండు కాదు, మూడు కాదు, అయిదు కాదు. ఏడు. ఏడు పందొమ్ములు నూట ముప్పై మూడు. ముందు తీసి పారేసిన ఆ ఏడే తిరిగొచ్చి దాన్ని భాగించేసింది. నాకు జీవితంలో మొదటిసారి మాట్లాడాలనిపించలేదు. ఆవిడ వైపు చూడటానికి కూడా భయమేసింది, ఎందుకంటే మాస్టారి అనుమానం ఏమిటో ఇప్పుడు నాకే అర్థమైంది. నేను చూసుకుని మురిసిపోయే వైపు తప్ప రెండోవైపు చూడని మనిషిని. "విరిగిపోతుంది సార్," అన్నాను.

మాస్టారు తల ఊపారు. కోపంగా కాదు, వచ్చిన జవాబు సరైనదే అన్నట్టు. తర్వాత నన్ను వదిలేసి మామ్మ వైపు తిరిగి, ఆవిడ ఒళ్ళో ఉన్న 7 చూసి, చేతులు నొప్పి పుడతాయి, అది కూడా బల్ల మీద పెట్టెయ్యండమ్మా, అన్నారు. అప్పటికి మామ్మ చేతులు నిజంగానే వణుకుతున్నాయి, పళ్ళెంలో వక్కలు టకటకమంటున్నాయి.

"కింద పెట్టకూడదు బాబూ," అంది మామ్మ. "పొద్దుట మా ఇంటికాడ ఎత్తినాను. మీ సేతికే ఇయ్యాలి. ఎనక తట్టులు పోయినాయి, పోనీ. ఈల్లు తిన్నారో, ఎవలకి ఇచ్చేసినారో. ముందుది ఉంది కదా, ఇది నాను ఒగ్గినేదు. ఆడు మాటకారి, నిజమే. కానీ ఆడు మా ఇంట్లోవోడు బాబూ, ఎనక మేమందరం ఉన్నాము."

మాస్టారు ఆ పళ్ళెం వంక చూశారు, ఆవిడ చేతుల వంక చూశారు. కుర్చీలోంచి లేచారు. రెండు చేతులూ చాచి, కాస్త వంగి, తాంబూలం పళ్ళెం ఆవిడ ఒళ్ళోంచి అందుకున్నారు. ఆయన చేతుల్లోకి బరువు వెళ్ళగానే పెద్దత్త ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా, ఇంకేటి, శుభం, అంటూ అత్తగారి మొహానికి గంధం రాసేసింది. కుర్చీలో కునుకుతున్న తాత మేలుకుని అక్షతలు ఎక్కడ అని అడిగాడు. తలుపు వార నుంచి ఆవిడ నా వైపు చూసి, మెడలో ఆ 7 ముక్క దోపుకున్న ఆఫీసు కార్డు వేలాడే చోట చెయ్యి వేసుకుని నవ్వింది. సరిగ్గా అప్పుడే నాన్న, చిన్న మావయ్య ఖాళీ చేతులతో, నిండు కడుపులతో గుమ్మంలోకి వచ్చి, తాంబూలాలు అయిపోయాయా, మమ్మల్ని పిలవకుండానే కానిచ్చేశారా అని నొచ్చుకున్నారు.

చాలా ఏళ్ళు నేను ఒక విషయం గట్టిగా నమ్మాను. పాపం మాస్టారికి మా ఆచారం తెలియదు, ఒక పెద్దావిడ చేతులు వణుకుతుంటే చూడలేక అందుకున్నారు, అలా మామ్మ ఆయన్ని పడేసింది, అని. స్నేహితులకి ఈ కథ ఎప్పుడూ ఇలాగే చెప్పేవాణ్ణి, అందులో చివరికి నా సంఖ్యే గెలిచినట్టు కాస్త సర్దేవాణ్ణి కూడా. మామ్మ పోయినప్పుడు మాస్టారు సుంగై సుమున్ వచ్చారు. పదకొండో రోజు భోజనాలయ్యాక వెనక పెరట్లో ఇద్దరం కూర్చున్నప్పుడు, ఆ రోజు మిమ్మల్ని మా మామ్మ భలే ఇరికించింది కదా మావయ్యా, అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "మీ ఆచారమంతా మీ పెద్దత్త ముందు రోజే ఫోన్ చేసి చెప్పింది రా," అన్నారు. "అందుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. బల్ల మీద పెట్టమన్నదీ తెలిసే, లేచిందీ తెలిసే." తర్వాత ఇంకొక మాట అన్నారు. నూట ముప్పై మూడు అని నీ నోటితో నువ్వు చెప్పకపోయి ఉంటే లేచేవాణ్ణి కాదేమో, అని. నాకు ఏడుపొచ్చింది. మామ్మ కోసం వచ్చిందనే అనుకున్నారు చూసినవాళ్ళందరూ, అందులో తప్పేమీ లేదు.

మొన్న మా పెద్దత్త మనవడి నిశ్చితార్థానికి మళ్ళీ వరస కట్టాం. ఇప్పుడు ముందు పళ్ళెం పెద్దత్తది. దారంతా ఒళ్ళోంచి దించలేదు, మామ్మలాగే టీ కూడా ఎవరో తాగిస్తే తాగింది. నేను మూడో పళ్ళెం దాకా వచ్చాను. ఎప్పుడు వచ్చానో నాకే తెలియదు. నా కూతురు అందరికంటే చివర, చాక్లెట్ల పళ్ళెంతో. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడమంటే బద్ధకం. లిఫ్ట్ దగ్గర నిలబడ్డప్పుడు, "నాన్నా, ఇది కింద పెట్టొచ్చా లా?" అంది. చివరిది పర్వాలేదమ్మా, పెట్టు, అన్నాను. అని, మూడోది పెట్టకూడదని ఏ ఆచారమూ చెప్పకపోయినా, నాది మాత్రం పెట్టలేదు. అలా పట్టుకుని నిలబడి, ఎనిమిది పళ్ళాలు సర్దుకుని మూడింటితో ఆ గుమ్మం చేరి, అంతా సవ్యంగానే ఉందని గంట నొక్కిన ఆ కుర్రాణ్ణి తలుచుకున్నాను. వాడి ధీమా చూస్తే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా వేస్తుంది, ఎందుకంటే వాడి ముందు మామ్మ ఉంది.